వెయ్యో వంతు

సన్నటి తీగను రెండు కడ్డీల మధ్య బిగించి, నడుమ నూలుపోగు ముడివేసి, ఆ పోగు కొస గిన్నెలోని బొగ్గుపొడికి తగిలేలా వదిలాడు వెస్లీ. ముడి మరీ బిగిస్తే తీగ తెగుతుంది, వదులైతే నిప్పు పొడిదాకా దిగదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజుకు ఐదారు ముడులు వేసిన వేళ్ళు, చూడకుండానే వేయగలవు. అయినా కళ్ళజోడు సర్దుకుని మరీ చూశాడు. ఎందుకంటే ఈవేళ వచ్చింది తగాదా శాంపిలు.

బెల్లంపల్లిలో రైలు పట్టాల అవతల, పాత రేకుల షెడ్డులో ఉంటుంది ఆ బొగ్గు పరీక్షల ల్యాబు. గనివాళ్ళు బొగ్గు మంచిదంటారు, కొన్న సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళు కాదంటారు. ఇద్దరి అంకెలూ కలవకపోతే లక్కముద్ర వేసిన మూడో పొట్లం ఇక్కడికి వస్తుంది. ఇక్కడ ఒక గ్రాము కాల్చి, ఎంత వేడి పుట్టిందో తేల్చిందే చివరిమాట. నాలుగేళ్ళ కింద ఒక ఆటోమేటిక్ మిషను కూడా తెచ్చిపెట్టారు, మామూలు శాంపిళ్ళన్నీ అందులోనే పోతాయి. తగాదా శాంపిలు మాత్రం పాత పద్ధతిలో, మనిషి కంటితోనే చూడాలని ఈ ల్యాబులో ఆనవాయితీ.

వెస్లీ గిన్నెను ఉక్కు పాత్రలో దించి మూత బిగించాడు. దాని పేరు బాంబు. పెళ్ళైన కొత్తలో భార్య ప్రేమమ్మ ఈ మాట చర్చిలో ఎవరితోనో అంటే, మెథడిస్టు సంఘంలో ఆడవాళ్ళంతా ఆర్నెల్లపాటు వెస్లీని వింతగా చూశారు. నిజానికి అది లోటా అంత ఉంటుంది, పేలదు. సిలిండరు నుంచి ఆక్సిజన్ మెల్లగా పట్టి, గేజు ముల్లు ముప్ఫై దగ్గరికి రాగానే ఆపాడు. బకెట్లో నీళ్ళు తూకం వేసి పోసి, బాంబును అందులో ముంచి, నీళ్ళు కలిపే రెక్కను ఆన్ చేశాడు. లోపల బొగ్గు కాలితే చుట్టూ నీళ్ళు వేడెక్కుతాయి. ఎంత వేడెక్కాయో నిలువెత్తు థర్మామీటరు చెబుతుంది. పనంతా ఇంతే.

అంటే, ఇంతే అని వెస్లీ అనుకుంటాడు. పొడి నూరింది తను, జల్లెడ పట్టింది తను, గ్రాములో పదివేలో వంతు దాకా తూచింది తను. అంతా సిద్ధమయ్యాక తొమ్మిదిన్నరకు లింగమూర్తి వస్తాడు. తెల్ల చొక్కా మీద ఒక్క బొగ్గు మరక ఉండదు. భూతద్దం ముందు నిలబడతాడు, పాదరసం వైపు చూస్తాడు, ఒక అంకె చెబుతాడు. వెస్లీ రాసుకుంటాడు. రిపోర్టు కింద ‘పరీక్షించినవారు’ అన్న చోట లింగమూర్తి పేరు పడుతుంది. రాసినవాడి పేరుకు ఆ కాగితంలో చోటే లేదు.

అయ్యో పాపం అనకండి. జాలిపడేంత మెత్తటి మనిషేం కాదు వెస్లీ. అతనికి కడుపుమంట. ఉదయం పళ్ళు తోముకునేటప్పుడు మొదలై పడుకునేదాకా ఉండే మంట. టీ తెచ్చేవాడు మొదటి గ్లాసు లింగమూర్తికే ఇస్తాడు, అది చూసి మండుతుంది. కెమిస్టు అనసూర్య మేడం కరీంనగర్ నుంచి వచ్చి రెండేళ్ళే అయింది, వయసులో వీళ్ళకు బిడ్డలాంటిది. ఆవిడ కూడా అతన్ని ‘లింగమూర్తి గారూ’ అంటుంది, ఇతన్ని ‘వెస్లీ’ అంటుంది. ఆ ఒక్క ‘గారు’ కోసం ఎన్ని రాత్రులు పక్కమీద దొర్లాడో ప్రేమమ్మకు తెలుసు.

ఇద్దరూ ఒకేరోజు పనిలో చేరారు. అప్పటి ముసలి కెమిస్టు ఇద్దర్నీ థర్మామీటరు ముందు నిలబెట్టాడు. ఆ థర్మామీటరు మీద డిగ్రీకి వంద గీతలు. గీతకూ గీతకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందును మళ్ళీ పది భాగాలుగా కంటితోనే ఊహించుకుని, పాదరసం ఎన్నో భాగంలో ఆగిందో చెప్పాలి. లింగమూర్తి చెప్పింది ముసలాయన చూసినదానితో సరిగ్గా కలిసింది. వెస్లీ డిగ్రీలో రెండు వెయ్యో వంతులు తప్పాడు. “నువ్ చూడు, నువ్ రాయి” అని ఆయన ఇద్దరికీ పనులు పంచేశాడు. అంతే, ఆ పంపకం అట్లాగే ఉండిపోయింది. మరోసారి చూపించమని అడుగుదామనుకుంటూ అనుకుంటూ వెస్లీ యాభై ఏడుకు వచ్చాడు.

“ఏం తమ్మీ, అయ్యిందా?” అంటూ లింగమూర్తి లోపలికొచ్చాడు.

“ఎప్పుడో అయింది” అన్నాడు వెస్లీ, పుస్తకంలోంచి తలెత్తకుండా.

లింగమూర్తి భూతద్దం దగ్గర నిలబడి, రబ్బరు చుట్టిన పెన్సిలుతో థర్మామీటరును రెండుసార్లు మెత్తగా తట్టాడు. తట్టకపోతే పాదరసం గాజుకు అంటుకుని మొండికేస్తుంది. వెస్లీ గడియారం చూసి “నిమిషం” అన్నాడు. “ఒకటి పాయింట్ రెండు సున్నా నాలుగు” అన్నాడు లింగమూర్తి. ఐదు నిమిషాలు ఐదు అంకెలు. ఆరో నిమిషానికి వెస్లీ బటన్ నొక్కాడు. లోపల బొగ్గు అంటుకుంది, బయటికి చప్పుడైనా లేదు. పాదరసం పైకి లేచింది. లింగమూర్తి గొంతు మాత్రం లేవలేదు, తగ్గలేదు. “రెండు పాయింట్ తొమ్మిది మూడు రెండు” దగ్గర అంకె ఆగింది. వెస్లీ లెక్క కట్టాడు, నాలుగువేల నూట నలభై ఎనిమిది కెలోరీలు.

తగాదా శాంపిలును రెండుసార్లు కాల్చాలి, రెండూ కలవాలి. రెండోసారికి కొత్త గ్రాము తూచడానికి తూకం గదిలోకి వెళ్ళాడు వెస్లీ. అక్కడ, బీరువా ముందు, చాలాసేపు నిలబడిపోయాడు.

నెలరోజులుగా ఒక అనుమానం అతన్ని తొలుస్తోంది. పోయిన నెల ఒక శాంపిలుకు రెండుసార్లూ అచ్చం ఒకటే అంకె వచ్చింది, వెయ్యో వంతు తేడా లేకుండా. అట్లా ఎక్కడైనా వస్తుందా? ఆ తర్వాత ఒకరోజు బస్టాండులో, ఎదురుగా వచ్చే బస్సు మీద మూరెడు అక్షరాలు ఉండగా, “గిది మంచిర్యాలదేనా తమ్మీ?” అని అడిగాడు లింగమూర్తి. వెస్లీ గుండె ఒక్క గంతేసింది. కళ్ళు పోయినయి! మొదటిసారి ఏదో చూసి చెప్పి, రెండోసారి దాన్నే గుర్తుపెట్టుకుని వల్లిస్తున్నాడు! ఆ రోజు వెస్లీ ఇంటికెళ్ళి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ప్రేమమ్మ ఆశ్చర్యపోయి, “ఏంది, గంత కుషీగున్నవ్?” అని అడిగితే “ఏం లే” అన్నాడు.

బీరువాలో బెంజాయిక్ సీసా ఉంది. అందులోవి తెల్లటి బిళ్ళలు. మిషను సరిగ్గా ఉందా లేదా అని అప్పుడప్పుడు కాల్చి చూసేవి. ఒక గ్రాము కాలిస్తే ఎంత వేడి పుడుతుందో ముందే రాసిపెట్టి ఉంటుంది, ఆరువేల మూడువందల పద్దెనిమిది. బొగ్గు స్థానంలో ఆ బిళ్ళ పెడితే? నిజంగా చూసేవాడైతే పాదరసం ఎక్కడికో ఎక్కడం చూసి చెబుతాడు. దొంగచూపైతే మళ్ళీ పొద్దుటి బొగ్గు అంకే చెబుతాడు, అడ్డంగా దొరికిపోతాడు. అప్పుడిక ఆ భూతద్దం ముందు నిలబడేది ఎవరు?

అతని చేతులు వణకలేదు, ఆ మాట చెప్పుకోవాలి. తప్పు చేసేటప్పుడు వణుకుతాయంటారు గానీ వెస్లీ చేతులు ఎప్పటికన్నా నిలకడగా ఉన్నాయి. బిళ్ళ తూచి, ముడివేసి, మూత బిగించాడు.

“నిమిషం.”

“ఒకటి పాయింట్ రెండు ఒకటి సున్నా.”

బటన్ నొక్కాడు. వెస్లీ పుస్తకం వైపు చూడటం లేదు, లింగమూర్తి పెదాల వైపు చూస్తున్నాడు. రెండు దాటింది. రెండున్నర దాటింది. “రెండు పాయింట్ తొమ్మిది…” అని లింగమూర్తి ఆగాడు. లింగమూర్తి పెన్సిలుతో థర్మామీటరును ఒకసారి తట్టి, భూతద్దంలోంచి తల తిప్పి వెస్లీని చూశాడు. ఎంతోసేపు కాదు. మళ్ళీ అద్దంలోకి వంగి, అదే గొంతుతో, “మూడు పాయింట్ రెండు” అన్నాడు. తర్వాత మూడున్నర అన్నాడు. చివరికి “మూడు పాయింట్ ఎనిమిది మూడు ఏడు. ఆగింది, రాస్కో” అన్నాడు.

వెస్లీ ఒక విడి కాగితం మీద లెక్క కట్టాడు. ఆరువేల మూడువందల పదహారు. ఉండవలసినదానికి రెండే తక్కువ. రెండు కెలోరీలంటే ఒక వెయ్యో వంతు కూడా కాదు. ముంచేద్దామని తీసిన గోతి అంచున నిలబడి ఆ మనిషి కొలత చెప్పి పోయాడు. సిగ్గుపడాలి కదా? వెస్లీకి ముందొచ్చింది సిగ్గు కాదు. ‘ఈ వయసులో కూడా ఇంత కచ్చితంగానా!’ అని మళ్ళీ అదే మంట, ఇంకో ఆకు ఎక్కువ. కాగితాన్ని మడిచి జేబులో దోపుకున్నాడు.

లింగమూర్తి తనే బాంబు తీసి, గాలి వదిలి, మూత విప్పాడు. బొగ్గైతే గిన్నె అడుగున బూడిద ముద్ద మిగులుతుంది. ఇందులో ఏమీ లేదు, కడిగినట్టుంది.

“అడిగితే చెప్తుంటి గదా తమ్మీ” అన్నాడు. “దూరందే కనవడ్తలేదు. దగ్గర్ది ఇంక మంచిగనే కనవడ్తంది.”

వెస్లీ నోరు తెరిచేలోపు చెప్పుల చప్పుడైంది. లింగమూర్తి గిన్నెను నీళ్ళ కుళాయి కింద పెట్టి కడిగేశాడు. అనసూర్య మేడం గుమ్మంలోంచి తొంగిచూసి, “రెండోది అయిందా లింగమూర్తి గారూ? ఫ్యాక్టరీవాళ్ళు ఫోన్ మీద ఫోన్” అంది.

“మంట అంటలేదు మేడం. నా చెయ్యి తగిలి తీగ తెగింది. మల్ల జేస్తం.”

“మీకు కూడా తెగుతుందా!” అని నవ్వి వెళ్ళిపోయింది ఆవిడ.

ఇరవై ఎనిమిదేళ్ళలో లింగమూర్తి ఒక్క అబద్ధం చెప్పగా వెస్లీ వినలేదు. ఇప్పుడు విన్నాడు, తన కోసం. అది చాలదన్నట్టు, తప్పు కూడా తనమీదే వేసుకున్నాడాయన. చూడటంలో ఈయనే ముందు, సరే. మంచితనంలో కూడా ఈయనే ముందుంటే మిగిలినవాడు ఎక్కడికి పోవాలి? వెస్లీకి అన్నం సహించలేదు. డబ్బా మూత పెట్టి, గోడకానుకుని కూర్చున్నాడు. లింగమూర్తి బయటికెక్కడికో వెళ్ళి అరగంటకు తిరిగొచ్చాడు, మొహం చెమటతో తడిసి ఉంది.

మధ్యాహ్నం మూడోసారికి అంతా సిద్ధం చేశాడు వెస్లీ. ఈసారి బొగ్గే, ఒట్టేసి చెప్పొచ్చు. లింగమూర్తి వచ్చి భూతద్దం ముందు కాదు, బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. పెన్ను తీసుకున్నాడు.

“నువ్ చూడు తమ్మీ. నేను రాస్త.”

“ఎందుకన్నా?”

“చూడరాదూ.”

“గట్లెట్లయితది? తగాదా శాంపిల్ అది.”

“జర కాళ్ళు గుంజుతున్నయ్ లే. నిలవడ చాతనైతలేదు” అన్నాడు లింగమూర్తి, ఎడమ భుజం రుద్దుకుంటూ. “పరేషాన్ గాకు. తట్టి చూడు, తొందరపడకు. గీత మీద కాదు, గీతల నడుమ చూడు.”

వెస్లీ భూతద్దం ముందుకు వెళ్ళాడు. లింగమూర్తి తనకన్నా జానెడు పొడుగు, అద్దాన్ని కిందికి దించుకోవలసి వచ్చింది. కన్ను ఆనించాడు. అబ్బ, ఎంత పెద్దగా ఉంది! గీతలు రైలుపట్టాల్లో చెక్కల్లా వరసగా ఉన్నాయి. వాటి మధ్య పాదరసం తల గుండ్రంగా, నిగనిగలాడుతూ, ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. ఇన్నాళ్ళు దీన్ని ఒక్కడే చూసుకున్నాడా ఈ మనిషి!

“నిమిషం” అన్నది లింగమూర్తి గొంతు.

“ఒకటి పాయింట్ ఒకటి తొమ్మిది…” వెస్లీ పెన్సిలుతో తట్టాడు. “ఎనిమిది.”

“ఊఁ.”

ఆ తర్వాత పదిహేను నిమిషాలు ప్రపంచంలో ఇంకేమీ లేదు. ప్రేమమ్మ లేదు, చర్చి లేదు, మంట కూడా లేదు. “రెండు పాయింట్ తొమ్మిది రెండు ఎనిమిది, ఆగిందన్నా!” అని అరిచేసి, అరిచినందుకు సిగ్గుపడ్డాడు. లింగమూర్తి రాసి, కాగితం కింద ఇంకేదో కూడా రాసి, బల్లమీద బోర్లించి లేచాడు.

“బస్సుకు ఇంక టైమున్నది. బయట జర గాలికి కూసుంట. నువ్ లెక్క కట్టి తే.”

వెస్లీ లెక్క మూడుసార్లు కట్టాడు. నాలుగువేల నూట యాభై మూడు. పొద్దుటిదానికీ దీనికీ ఐదే తేడా. కలిసింది! కాగితం కిందివైపు చూస్తే ‘పరీక్షించినవారు’ దగ్గర రెండు పేర్లున్నాయి. మొదటిసారి, లింగమూర్తి. రెండోసారి, వెస్లీ. గుండ్రటి అక్షరాలు, తన రాతకన్నా బాగున్నాయి, అది కూడా గమనించాడు.

కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చాడు. బెంచీ మీద గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు లింగమూర్తి. వెస్లీ పక్కన చతికిలబడ్డాడు.

“ఐదన్నా. ఐదే తేడా. నేనింక యాభై తేడా వస్తదనుకున్న” అన్నాడు. “అన్నా, పొద్దున నేను జేసింది… నాకేమైందో ఏమో. నువ్వేమన్న అంటే బాగుండు. తిడితే బాగుండు.”

షెడ్డు వెనక నుంచి గూడ్సు బండి వెళ్ళింది. చాలా పొడుగు బండి. అది పోయేదాకా వెస్లీ ఆగాడు, అది పోయాక కూడా జవాబు రాలేదు. అప్పుడు చెయ్యి పట్టుకుని చూశాడు. రోజంతా వేడి కొలిచే మనిషికి, చల్లబడిన ఆ చెయ్యి సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

సాయంత్రం లింగమూర్తి ఇంటి ముందు షామియానా వేశారు. అతని భార్య బాలవ్వ పక్కన కూర్చుని ప్రేమమ్మ ఆమె వీపు నిమురుతోంది. పెద్దపల్లి నుంచి చుట్టాలొచ్చారు, లక్సెట్టిపేట నుంచి అల్లుడొచ్చాడు. మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుని అతని కన్ను గురించే చెప్పుకున్నారు. “గసొంటి కన్ను మల్ల పుట్టది” అన్నాడొకాయన. “ఆఖరుకు గా చూపు తగ్గిందట గదా, బస్సుల పేర్లు గూడ చదవకపోతుండె” అన్నాడు ఇంకొకాయన. “ఔ, నేను గూడ ఇన్న. ఏదో నెట్టుకొచ్చిండు పాపం” అని అందరూ తలలూపారు.

వెస్లీ చెయ్యి జేబు మీదికి పోయింది. ఈ రోజున, ఈ పొద్దున, ఆ కన్ను ఎట్లా చూసిందో రుజువు చేసే కాగితం లోకంలో ఒక్కటే ఉంది, అది ఈ జేబులో ఉంది. తీసి చదివితే లింగమూర్తి పరువు నిలుస్తుంది. కానీ తగాదా బొగ్గు ఉండాల్సిన చోట బెంజాయిక్ ఎందుకుందని అడిగితే ఏం చెప్పాలి? అతని గొప్పతనం బయటపడాలంటే తన నీచం బయటపడాలి. రెంటికీ కాగితం ఒకటే. ఆ కుర్చీలో కూర్చుని వెస్లీ గంటసేపు జేబు తడుముకున్నాడు, కాగితం మాత్రం తీయలేదు. ఇంకా చెప్పాలంటే, ‘ఆఖరి అంకె నాది, ఎవడన్నా అడుగుతాడా’ అన్న ఆలోచన కూడా ఒకసారి తలెత్తింది. చావు ఇంట్లో కూర్చుని కూడా! తన మనసు తనకే రోత పుట్టింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబు తెరిచే వేళకు అనసూర్య మేడం అప్పటికే వచ్చి రిపోర్టు చూస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“రెండోది నువ్వా చూసింది వెస్లీ?”

“నేనే మేడం. అన్న రాసిండు.”

“నిన్న వాళ్ళింటి దగ్గర అంతా అనుకుంటున్నట్టు, ఆయన కళ్ళు సరిగ్గా లేవనే నీకిచ్చాడా? నాకు ముందే చెప్పాల్సింది. ఇన్నాళ్ళ రిపోర్టులు ఏమనుకోవాలి ఇప్పుడు? మొత్తం తిరగతోడాలి.”

వెస్లీ జేబులోంచి మడత కాగితం తీసి బల్లమీద పరిచాడు. చెమటకు అంచులు మెత్తబడ్డాయి గానీ అంకెలు చెదరలేదు.

“నిన్న మంట అంటలేదన్నది అబద్ధం మేడం. అంటింది. అన్నకు తెల్వకుంట బొగ్గు తీసి బెంజాయిక్ పెట్టిన నేను. ఆయన చూసి చెప్పిన అంకె ఇది. రెండే తక్కువ.”

ఆవిడ కాగితం చూసింది, సీసా మీది అంకె చూసింది, మళ్ళీ కాగితం చూసింది. “రెండు” అంది మెల్లగా. తర్వాత తలెత్తి, “ఎందుకు పెట్టినవ్?” అంది.

“ఓర్వలేక” అన్నాడు వెస్లీ.

ఇంకేమన్నా అంటుందని నిలబడ్డాడు. ఆవిడ ఆ కాగితాన్ని రిజిస్టరులో అతికించి, పక్కన తేదీ వేసి, ‘చూసినవారు లింగమూర్తి’ అని రాసింది. ‘బిళ్ళ పెట్టినవారు’ అని కూడా రాసి, పెన్ను వెస్లీ చేతికిచ్చింది. అతడు సంతకం చేశాడు.

మేడం తన గదిలోకి వెళ్ళిపోయాక, చేతులు కడుక్కుందామని వెస్లీ సింకు దగ్గరికి వెళ్ళాడు. కిటికీ పక్కన, నిన్న మధ్యాహ్నం అంగడికెళ్ళి తెచ్చి, సాయంత్రందాకా వాడిపోకుండా లింగమూర్తి బీకరులో నీళ్ళు పోసి నిలబెట్టిన పుంటికూర కట్ట, అరటినార కూడా విప్పకుండా, పచ్చగా అట్లాగే ఉంది.